గాంధీనగర్ లాడ్జి, మూడు బైకులు: ఒక దొంగతనం క్లెయిమ్ కేస్ స్టడీ

వాహనం పోయిందని క్లెయిమ్ వస్తే, డబ్బు చెల్లించే ముందు బీమా కంపెనీ ఒక ఇన్వెస్టిగేటర్‌ని పంపుతుంది. బెంగళూరులో నేను చేసే పని అదే. ఈ ఫైలునే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఒకే రాత్రి, ఒకే లాడ్జి, మూడు బైకులు. తెల్లారేసరికి రెండు ఉన్నాయి, ఒకటి లేదు. పోయింది మూడింటిలో ఖరీదైనదీ కాదు, కొత్తదీ కాదు. మనుషుల్ని, లాడ్జిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. బండ్లు నిలిపిన తీరు, తాళాలు, కెమెరా, కాగితాల సంగతి మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముగ్గురు స్నేహితులు అనంతపురం నుంచి కొడగు వెళ్లాలని మూడు బండ్ల మీద బయల్దేరారు. శుక్రవారం డ్యూటీలు ముగించుకుని 44వ నంబరు హైవే ఎక్కితే హెబ్బాళ దాటేసరికి రాత్రి పదిన్నరయింది. మెజెస్టిక్ బస్టాండు పక్కనే గాంధీనగర్‌లో ఒక లాడ్జి ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్నారు. రైలు దిగినవాళ్లకూ బస్సు దిగినవాళ్లకూ నడిచేంత దూరంలో ఉంటుంది కాబట్టి మన ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా దిగేది ఆ పేటలోనే. లాడ్జిలన్నీ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, కింద షాపులు, మధ్యలో మెట్లు. వాటిలో చాలావరకు ఇంటింటికీ కారు లేని రోజుల్లో కట్టినవే. బుకింగ్ పేజీలో మాత్రం అన్నిటికీ 'పార్కింగ్ కలదు' అనే ఉంటుంది.

రిసెప్షన్‌లో కుర్రాడిది మదనపల్లె వైపు. తెలుగు వినగానే వీళ్లకు సగం అలసట తీరింది. "అన్నా, కింద సెల్లార్ ఉంది. కార్లున్నాయి, సందులో రెండు బండ్లు పడతాయి. మూడోది ఇట్ల ముందరే పెట్టుకో. సెక్యూరిటీ రాత్రంతా ఉంటాడు, కెమెరా ఉంది, టెన్షన్ ఏమొద్దు" అన్నాడు. ఆ కుర్రాడి మాటలో మోసమేమీ లేదు. సెక్యూరిటీ నిజంగానే ఉన్నాడు, కెమెరా నిజంగానే పనిచేస్తోంది.

మూడో బండికి రెండు వైపులా అల్యూమినియం పెట్టెలున్నాయి. సెల్లార్ ర్యాంప్ నిటారుగా ఉంది, కింద మిగిలిన సందులో ఆ వెడల్పు పట్టదు. క్లెయిమ్‌దారు ఒకసారి ర్యాంప్ వైపు, ఒకసారి మెట్ల ముందున్న ట్యూబ్‌లైట్ వైపు చూసుకుని, లైటు కిందే నయమనుకున్నాడు. గార్డు కుర్చీకి పది అడుగుల దూరం, పైన కెమెరా. హ్యాండిల్ లాక్ వేసి, కదిపి చూసి, తాళం జేబులో వేసుకుని పైకెళ్లాడు. పొద్దున ఐదున్నరకు బయల్దేరదామని దిగితే అక్కడ కాలువ మీది బండ తప్ప ఏమీ లేదు.

నేను అక్కడికి వెళ్లి ముందు చూసేది నేల. లాడ్జి మెట్ల తర్వాత మూడడుగుల టైల్స్, ఆపైన కాలువ మీద పరిచిన బండలు, ఆ తర్వాత రోడ్డు. బండి నిలిచింది బండల మీద. అంటే అది లాడ్జి జాగా కాదు, కార్పొరేషన్ ఫుట్‌పాత్. ఈ రెండు గజాల తేడా తర్వాత కాగితాల్లో ఎంత పనిచేసిందో ముందు ముందు చెప్తాను. బండలు రోడ్డు వైపు కాస్త వాలి ఉన్నాయి. పొద్దున సులువుగా తీయొచ్చని అతను ముందు చక్రం రోడ్డు వైపే పెట్టాడు. కాలువ జాలీ దగ్గర వంగి చూస్తే గోరంత ఇనుప ముక్క దొరికింది, ఒక పక్క తుప్పు, ఒక పక్క తళతళ. హ్యాండిల్ లాక్ లోపలి నాలుక విరిగిన ముక్క అది. మామూలు బండ్లలో హ్యాండిల్‌ను పట్టి ఉంచేది ఆ చిన్న నాలుక ఒక్కటే. బలం వేస్తే విరుగుతుంది. ఏ మెకానిక్‌ని అడిగినా ఇదే చెప్తాడు.

కెమెరా ఫుటేజీ చూశాను. మొదట తేలిన విషయం, డీవీఆర్ (ఫుటేజీని రికార్డు చేసే పెట్టె) గడియారం ముప్పావు గంట ముందుకు నడుస్తోంది. ఇది చాలా చోట్ల ఉండేదే, కరెంటు పోయి వచ్చాక ఎవరూ సరిచేయరు. అందుకే నేను డీవీఆర్ తెరనూ, టైము కనిపించేలా నా ఫోన్‌నూ ఒకే ఫోటోలో పడేట్టు తీసి ఫైల్లో పెడతాను. లేకపోతే ఎఫ్‌ఐఆర్‌లో రాసిన వేళకూ ఫుటేజీలో ఉన్న వేళకూ పొంతన కుదరక క్లెయిమ్ నెలల తరబడి అక్కడే ఆగిపోతుంది. రెండో విషయం, ఆ కెమెరాను బిగించింది లోపలికి వచ్చే మనిషి ముఖం కోసం. మెట్లు నిండుగా కనిపిస్తాయి. బండి వెనక చక్రం, నంబరు ప్లేటులో సగం మాత్రం మూలన ఉన్నాయి.

సరిచేసిన లెక్కలో మూడు దాటాక ఒక స్కూటరు వచ్చి ఆగింది. ఒకడు దిగి, తన బండే అన్నట్టు సీటు మీద కూర్చున్నాడు. కాసేపు ఊరికే ఉన్నాడు. వెనక చక్రం ఒక్కసారి కుదిపినట్టు ఊగింది, అంతే, హ్యాండిల్ విడిపోయింది. సైడ్ స్టాండ్ లేపగానే వాలు మీద బండి దానంతటదే రోడ్డు మీదికి దిగింది. ఇంజన్ స్టార్ట్ చేయలేదు. పక్క క్రాస్‌లో ఒక షాపు కెమెరాలో మిగతాది దొరికింది. ఒకడు ఆగిన బండి మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకుంటే, స్కూటరు వాడు వెనక నుంచి కాలు చాపి నెట్టుకుంటూ పోతున్నాడు. పెట్రోలు అయిపోయిన స్నేహితుణ్ని బంకు దాకా తోసుకెళ్లే దృశ్యం మన రోడ్ల మీద రోజూ చూసేదే. ఎదురొచ్చిన ఆటో కూడా ఆగలేదు.

గార్డు నిద్రపోయాడని కంపెనీలో అందరూ అనుకున్నారు. నిద్రపోలేదు. ఒంటిగంటకు లాడ్జి వాళ్లు మడత గ్రిల్ లాగి తాళం వేస్తారు, అతను గ్రిల్ లోపల కూర్చుని ఫోన్ చూస్తున్నాడు, ఫుటేజీలో ఆ వెలుగు కనిపిస్తోంది. చప్పుడే లేకపోతే తలెత్తేదెందుకు? పైగా అతని డ్యూటీ రిజిస్టర్లో కార్ల నంబర్లు ఉన్నాయి, బైకుల కాలమే లేదు. తాను కాపలా కాయాల్సిన వస్తువుల్లో ఆ బండి ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు సెల్లార్ సంగతి. అక్కడ కెమెరా లేదు. ఉన్న ఒక్క బల్బూ మాడిపోయింది. భద్రత మీద మార్కులు వేయమంటే ఎవరైనా మెట్ల ముందున్న జాగాకే ఎక్కువ వేస్తారు. అయినా ఆ రెండు బండ్లూ భద్రంగా ఉన్నాయి. మొదటిది గోడకు ముక్కు ఆనించి ఉంది, దాని వెనకే రాత్రి పన్నెండుకు వచ్చిన కారు అడ్డం పెట్టారు. రెండోదాని వెనక చక్రంలోంచి, మొదటిదాని ఫ్రేములోంచి ఒకే గొలుసు వేసి ఉంది. దాటి రావాలన్నా నిటారు ర్యాంప్ మీద దాదాపు రెండు వందల కిలోల బండిని ఇంజన్ లేకుండా తోయాలి, పైన షట్టరు దించి ఉంది.

బండి పెట్టేటప్పుడు మనం నలుగురికీ కనిపిస్తుందా అని చూస్తాం. దొంగ మాత్రం చప్పుడు లేకుండా దొర్లుతుందా అని చూస్తాడు. నా దగ్గరికొచ్చే బైకు ఫైళ్లలో ఫుటేజీ దొరికిన చోటల్లా దాదాపు ఇదే కథ, బండిని నడుపుకుంటూ పోవడం కాదు, నెట్టుకుంటూ పోవడం. అందుకే హోటల్లో రాత్రికి జాగా వెతికేటప్పుడు లైటు, కెమెరా రెండో వరుస. మొదటి ప్రశ్న: ఇక్కణ్నుంచి దీన్ని తోసుకుపోవాలంటే ఏమేం అడ్డొస్తాయి?

ఆ లెక్కన చూస్తే గాంధీనగర్ లాంటి పేటలో అన్నిటికన్నా మంచి జాగా చాలామంది అడగనే అడగరు. షట్టరు లోపలి నడవా. చిన్న లాడ్జిల్లో పదకొండు దాటాక కింద షాపులు మూసేస్తారు, మెట్ల పక్క నడవా ఖాళీగా ఉంటుంది. మేనేజర్‌ని మర్యాదగా అడిగి, ఆయిల్ మరక పడకుండా కింద అట్టముక్క వేస్తామంటే ఒప్పుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. పొద్దున షాపులు తెరిచేలోపు తీసేస్తామని ముందే చెప్పాలి. ఈ కేసులో కూడా ఆ నడవా ఉంది. నేను టేపు పెట్టి కొలిచాను, పెట్టెలతో సహా బండి పడుతుంది. అడిగితే మేనేజర్ "అడిగుంటే ఇచ్చేవాణ్నే సార్" అన్నాడు. ఇచ్చేవాడో లేదో నాకు తెలీదు గానీ, అడగలేదన్నది నిజం.

సెల్లార్ అయితే వీలైనంత లోపలి మూల, గోడకు ముక్కు. కారు అడ్డం పెట్టించుకోవడం మంచిదే, కాకపోతే తెల్లవారుజామున బయల్దేరేవాళ్లు ఆ కారు తాళం రిసెప్షన్‌లో ఉంటుందో లేదో రాత్రే కనుక్కోవాలి. వానాకాలం బెంగళూరులో మాత్రం సెల్లార్ పేరు వింటే నేను ఒకసారి ఆగుతాను. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు వైపు సెల్లార్లలో నీళ్లు నిండి బండ్లు మునిగిన ఫోటోలు అందరూ చూశారు. గాంధీనగర్ వేరు, బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు వైపు వేరు. అటు దిగితే వాన రాత్రి సెల్లార్ వద్దు. ఇంకోటి, సెల్లార్‌లో జీపీఎస్ ట్రాకర్‌కు సిగ్నల్ సరిగా అందదు. ఫోన్లో కనిపించేది బండి కిందికి దిగక ముందు ఉన్న చోటు.

ఏదీ కుదరక రోడ్డు మీదే పెట్టాల్సి వస్తే గోడకు ముక్కు, వాలుకు ఎదురు. గేరులో వదిలితే చాలనుకుంటారు, క్లచ్ పట్టుకుంటే ఆ గేరు ఉన్నా లేనట్టే. గొలుసు వెనక చక్రంలోంచి, ఫ్రేములోంచి వేసి కదలని దానికి కట్టాలి. గ్రిల్, ఇనుప స్తంభం సరే, ఎత్తి పక్కన పెట్టగలిగే బోర్డు స్టాండుకు కట్టినవాళ్లనూ చూశాను. బ్రేక్ డిస్కుకు వేసే డిస్క్ లాక్ మంచిదే, పొద్దున మర్చిపోయి గేరు వేస్తే పడేది మీరే, కాబట్టి హ్యాండిల్‌కు తగిలించే గుర్తు తాడు కూడా కొనండి. కవరు కప్పితే కింద ఏ బండి ఉందో తెలియదు, అది లాభమే. సైలెన్సర్ చల్లారాక కప్పాలి. మెజెస్టిక్ దగ్గర ఇంకో దారి రైల్వే స్టేషన్ స్టాండు. రాత్రంతా ఉంచనిస్తారా, ఎన్నింటికి తెరుస్తారు అని అడిగి, టోకెన్ తీసుకుని, దాన్ని ఫోటో తీసుకుని నడుచుకుంటూ లాడ్జికి రావచ్చు. ఆ టోకెన్ విలువ ఏమిటో ఇప్పుడు చెప్తాను.

కంపెనీ నన్ను అడిగిన ప్రశ్నల్లో ఒకటి, లాడ్జి నుంచి ఈ డబ్బు రాబట్టగలమా అని. దీనికి దారి చూపే తీర్పు ఒకటుంది. 1998లో ఢిల్లీ తాజ్ మహల్ హోటల్‌కు వచ్చిన ఒక అతిథి తన మారుతి జెన్ తాళాన్ని వ్యాలె (కార్లు పార్క్ చేసే హోటల్ మనిషి) చేతికిచ్చాడు. తిరిగొచ్చేసరికి కారు లేదు. టోకెన్ మీద 'ఓనర్ రిస్క్' అని అచ్చు వేసి ఉంది. 2019 నవంబరులో సుప్రీంకోర్టు హోటల్‌దే బాధ్యత అని తేల్చింది. బండి ఒకరి చేతికి అప్పగించి, వాళ్లు తీసుకున్నాక, దాన్ని తమ సొంత వస్తువులా జాగ్రత్తగా చూడాలి, 1872 కాంట్రాక్టు చట్టం 148, 151 సెక్షన్ల సారం అది. తమ నిర్లక్ష్యం లేదని చూపించాల్సింది హోటలే, 'ఓనర్ రిస్క్' అన్న అచ్చు మాటతో తప్పించుకోలేదు.

మన కేసుకు ఆ తీర్పు అందదు. తాళం అతిథి జేబులో ఉంది. టోకెన్ లేదు, రిజిస్టర్లో నంబరు లేదు. జాగా కార్పొరేషన్‌ది. అప్పగింత జరిగిందని చూపించడానికి మిగిలింది 'టెన్షన్ ఏమొద్దు' అన్న ఒక్క మాట, దానికి సాక్షులు ఇద్దరు స్నేహితులు. రికవరీకి అవకాశం తక్కువ అని రాశాను. అదే బండి సెల్లార్‌లో ఉండి, రిజిస్టర్లో నంబరు పడి, చిన్న చీటీ చేతికి వచ్చి ఉంటే నా పేరా వేరేగా ఉండేది. అందుకే ఎవరు అడిగినా చెప్తాను, గార్డు రిజిస్టర్లో మీ నంబరు మీరే దగ్గరుండి రాయించండి, ఆ పేజీ ఫోటో తీసుకోండి. హిందీలోనో కన్నడలోనో రెండు ముక్కలు మాట్లాడితే అయిపోయే పని.

పోలీసు వైపు కాస్త నడవాల్సి వచ్చింది. మొదట వెళ్లిన స్టేషన్‌లో 'మా లిమిట్స్ కాదు' అన్నారు. ఆ పేటలో వీధి మారితే స్టేషన్ మారుతుంది, నిజమే. కానీ సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. ఆ మాట గట్టిగా అడిగితే మధ్యాహ్నానికి న్యాయ సంహిత 303(2), అంటే దొంగతనం సెక్షన్ కింద ఎఫ్‌ఐఆర్ అయింది. వీళ్లు చేసిన మంచి పని, అదే రోజు కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేయడం. ఎఫ్‌ఐఆర్ వెంటనే అయ్యుంటే, కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో దొంగతనం క్లెయిమ్ కొట్టేయకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఫోన్ చేసిన టైము ఉంటే నాకు రాయాల్సిన పేరాలు తగ్గుతాయి.

బండి ఎటు పోయిందన్నది తేలలేదు. కార్లయితే ఫాస్టాగ్ ఉంటుంది, ఏ టోల్ దాటిందో తెలుస్తుంది. నేషనల్ హైవేల మీద బైకులకు టోల్ లేదు కాబట్టి జాడా లేదు. మెజెస్టిక్ నుంచి హొసూరు నలభై కిలోమీటర్లు. వీళ్లు నిద్రలేచేసరికి బండి తమిళనాడులో ఉన్నా ఆశ్చర్యం లేదు.

రెండు తాళాలూ అడిగాను. ఒకటి జేబులో ఉంది, రెండోది అనంతపురంలో అమ్మ బీరువాలో ఉంటే తమ్ముడు బస్సులో తెచ్చాడు. రెండూ అరిగిన తీరు చూస్తే ఏది రోజూ వాడిందో తెలిసిపోతుంది, అనుమానం లేదు. తాళం బండికే వదిలేసినవాళ్ల క్లెయిములు ఇంత సాఫీగా పోవు. అలాంటి ఒక లారీ కేసులో 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి డెబ్బయ్యైదు శాతం తెచ్చుకున్నారు, అది కూడా ఏళ్లు తిరిగాక.

పాలసీ చూస్తుండగా ఒక సంగతి బయటపడింది, క్లెయిమ్‌దారుది కాదు, సెల్లార్‌లో ఉన్న స్నేహితుడిది. "నాది ఐదేళ్ల ఇన్సూరెన్స్ సార్, షోరూంలోనే కట్టేశా" అన్నాడు. తెరిచి చూస్తే ఐదేళ్లు థర్డ్ పార్టీ మాత్రమే, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్లకు ఐదేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. దొంగతనానికి డబ్బిచ్చే ఓన్ డ్యామేజ్ భాగం అతనికి ఒక్క ఏడాదే ఉంది, అది ఎప్పుడో అయిపోయింది. ఆ రాత్రి బండ్లు అటూ ఇటూ మారి ఉంటే అతనికి రూపాయి కూడా వచ్చేది కాదు. మూడింటిలో ఖరీదైన బండి అతనిదే. ట్రిప్పుకు ముందు చైన్ స్ప్రే, బ్రేక్ ప్యాడ్లు చూసుకునేవాళ్లు పాలసీలో ఈ ఒక్క లైను చూసుకుంటే చాలు.

బండి దొరకలేదని పోలీసులు కేసు ముగిస్తూ సి రిపోర్ట్ ఇచ్చాక ఫైలు కదిలింది. బండి బదిలీకి వాడే ఫారం 28, 29, 30 మీద సంతకాలు, ఆర్టీవోకు లేఖ, హక్కులు కంపెనీకి బదిలీ చేస్తూ పత్రం. బండి వయసు రెండేళ్లు దాటింది, అందుకని పాలసీలో రాసిన ఐడీవీ (బండి పోతే లెక్కలోకి తీసుకునే విలువ) కొత్త ధర మీద ముప్పై శాతం తగ్గి ఉంది. కొత్త బండి ధర వస్తుందని అతను అనుకున్నాడు. దానికి 'రిటర్న్ టు ఇన్‌వాయిస్' అని వేరే యాడ్ ఆన్ ఉంటుంది, తీసుకోలేదు. ఐడీవీలో టూవీలర్లకు తప్పనిసరిగా తగ్గించే వంద రూపాయలు పోను మిగతాది వచ్చింది.

అల్యూమినియం పెట్టెలకు, క్రాష్ గార్డుకు ఏమీ రాలేదు. అవి తర్వాత బిగించినవి, పాలసీలో రాయించి ప్రీమియం కట్టలేదు. దాని మీద అతనికి బండి మీదకన్నా ఎక్కువ కోపం వచ్చింది. చివరి సంతకం పెడుతూ, "రేపు బండి దొరికితే కంపెనీదే అంటున్నారు కదా సార్, మరి డబ్బులివ్వని పెట్టెలు ఎవరివి?" అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. కంపెనీకి వెళ్లే హక్కు డబ్బు చెల్లించిన వస్తువు మీదే. పెట్టెల బిల్లు కాపీ ఫైల్లో పెట్టి, అవి క్లెయిమ్‌లో లేవని రిపోర్టులో ఒక లైను రాసి, అతనికి కూడా ఒక కాపీ ఇచ్చాను.